ముక్కలు చేసిన ఆకాశం

పిల్లలూ! మీలో ఎవరైనా తాటాకుల పుస్తకం చూచారా? పూర్వం మన పెద్దలు తాటాకుల మీద గంటంతో వ్రాసేవారు. ఆకులన్నిటికీ బెజ్జం చేసి, దారం గుచ్చి, పైన ఒక చెక్క, కింద ఒక చెక్క పెట్టి కట్టేవారు. కాని దారం ఎన్నాళ్ళుంటుంది? ఏదో ఒకనాటికి పుచ్చి తెగుతుంది. మూడువందల ఆకులు చెల్లాచెదరుగా నేలమీద పడతాయి. ఏది ముందో, ఏది వెనకో ఎలా తెలుస్తుంది?

ఆకు అంచున సంఖ్య వేసి ఉంటే చిక్కులేదు. వరసగా పేర్చుకుంటే గంటలో పుస్తకం మళ్ళీ పుస్తకం అవుతుంది. సంఖ్య లేకపోతే మాత్రం పండితుడు ప్రతి ఆకూ చదివి, అర్థాన్ని బట్టి పేర్చాలి. రెండు పుస్తకాల ఆకులు కలిసిపోతే ఆయనకూ కష్టమే.

ఇదే చిక్కు శాస్త్రజ్ఞులకూ ఉన్నది. వారు కొలిచే కొలతలు ఒక పుస్తకంలో పట్టవు. ఈ రోజుల్లో కంప్యూటరులో దాచినా ఒక్క ఫైలులో ఇమడవు. కాబట్టి ముక్కలు చేసి దాచుతారు. ముక్కలు చెయ్యటం ఎవరికైనా చేతనవుతుంది. వాటిని మళ్ళీ కలపటం ఎలాగ? ఈ ప్రశ్నకు జవాబు దొరకటానికి ఒక సందర్భంలో నూరేళ్ళకు పైగా పట్టింది. ఆ కథలో మన హైదరాబాదుకు కూడా భాగం ఉన్నది. ఈ నెల ఆ సంగతి చెప్పుకుందాం.

పారిస్‌లో సభ

1887వ సంవత్సరం ఏప్రిల్ నెలలో పారిస్ నగరంలో ఒక సభ జరిగింది. పారిస్ వేధశాలకు అధిపతి అయిన మూషే అనే ఆయన పిలుపు మీద అనేక దేశాల నుంచి యాభైమందికి పైగా ఖగోళ శాస్త్రజ్ఞులు వచ్చారు. అప్పటిదాకా నక్షత్రాల స్థానాలను ఒక్కొక్కటిగా దూరదర్శినిలో చూచి కొలిచేవారు. అదే వేధశాలలో పనిచేసే పాల్ హెన్రీ, ప్రాస్పర్ హెన్రీ అనే అన్నదమ్ములు ఆకాశాన్ని చక్కగా ఫోటో తియ్యగల దూరదర్శినిని తయారుచేశారు. ఒక్క గాజుపలక మీద వందల నక్షత్రాలు ఒకేసారి పడుతున్నాయి. ఇక ఆకాశమంతా ఫోటో తీస్తే సరిపోదా?

సభవారు రెండు పనులు తలపెట్టారు. మొదటిది, పదకొండవ తరగతి వరకు ఉన్న నక్షత్రాలన్నిటి స్థానాలనూ కొలిచి పట్టిక వెయ్యటం. మన కంటికి కనిపించే నక్షత్రాలలో మరీ మసకగా ఉండేవి ఆరవ తరగతివి. పదకొండవ తరగతి నక్షత్రం దానికన్నా నూరు రెట్లు మసక. రెండవ పని, పద్నాలుగవ తరగతి వరకు ఆకాశపటం అచ్చువెయ్యటం. పదీ పదిహేనేళ్ళలో పని ముగుస్తుందని వారి అంచనా.

ఇంత ఆకాశాన్ని ఒక్కరు తియ్యలేరు. పైగా యూరపులో నిలుచున్నవాడికి దక్షిణ ధ్రువం దగ్గరి నక్షత్రాలు కనిపించనే కనిపించవు. అందుచేత పంచుకున్నారు. ఉల్లిపాయను చక్రాలుగా కోసినట్టుగా, ఆకాశాన్ని ఉత్తరం నుంచి దక్షిణానికి అడ్డపట్టీలుగా కోశారు. ఉత్తర ధ్రువం చుట్టూ ఉన్న భాగం ఇంగ్లండులోని గ్రీనిచ్‌కు వచ్చింది. దాని కింది పట్టీ రోములోని వాటికన్ వేధశాలకు. ఖగోళ మధ్యరేఖ దగ్గరి పట్టీ ఆఫ్రికాలోని అల్జియర్స్‌కు. చిట్టచివర దక్షిణ ధ్రువం చుట్టూ ఉన్నది ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్‌కు. ఇలా పద్దెనిమిది, ఇరవై వేధశాలలు ఈ పనిలో చేరాయి.

అతుకు కోసం ముందే ఆలోచన

ఈ పెద్దలు తెలివిగలవారు. కోసేటప్పుడే అతకటం గురించి ఆలోచించారు.

మొదట, పలక మీద కొలత నిర్ణయించారు. ఒక డిగ్రీని అరవై భాగాలు చేస్తే ఒక్కొక్క భాగాన్ని కళ అంటారు గదా! ఆకాశంలో ఒక కళ దూరం పలక మీద ఒక మిల్లీమీటరుగా పడాలి. నిండు చంద్రుడి వెడల్పు ఆకాశంలో సుమారు అరడిగ్రీ, అంటే ముప్ఫై కళలు. ఆ దూరదర్శినితో చంద్రుణ్ణి ఫోటో తీస్తే పలక మీద మూడు సెంటీమీటర్ల బిళ్ళలాగా పడతాడన్నమాట.

ఒక్కొక్క పలక రెండు డిగ్రీల పొడవు, రెండు డిగ్రీల వెడల్పు గల చదరాన్ని పట్టుకుంటుంది. అందులో నలుగురు చంద్రులు పక్కపక్కన నిలబడవచ్చు. ఇప్పుడు మీరే లెక్క వెయ్యండి. ఆకాశగోళం మొత్తం 41,253 చదరపు డిగ్రీలు. ఒక పలకకు 4 చదరపు డిగ్రీలు. అయితే పదివేల పైచిలుకు పలకలు చాలాలి. కాని వారు 22 వేలకు పైగా తీశారు. ఎందుకని?

తాపీమేస్త్రీ గోడ కట్టటం చూచారా? ఒక వరసలో రెండు ఇటుకలు కలిసే చోటు మీద, పై వరసలో ఇటుక నడిమి భాగం వచ్చేటట్టు పెడతాడు. అతుకు మీద అతుకు రానివ్వడు. వీరూ అదేవిధంగా ఆకాశాన్ని రెండుసార్లు కప్పారు. ఒక పలక మూల మరొక పలక నడిమికి వస్తుంది. దీనివల్ల ప్రతి నక్షత్రమూ కనీసం రెండు పలకల మీద పడుతుంది. ఆ రెండు కొలతలూ సరిపోయాయా, మంచిది. సరిపోలేదా, ఎక్కడో పొరపాటు ఉన్నదని వెంటనే తెలిసిపోతుంది.

మరొక ఉపాయం, గళ్ళగీతలు. నక్షత్రాలు పడే పలక మీదనే, అయిదేసి మిల్లీమీటర్ల దూరంలో నిలువుగీతలూ అడ్డగీతలూ కూడా ఫోటోగా పడేటట్టు చేశారు. పలకను మందునీళ్ళలో కడిగి ఆరబెట్టేటప్పుడు దాని మీది పూత కాస్త సాగవచ్చు, ముడుచుకోవచ్చు. అలా జరిగితే గళ్ళు కూడా సాగుతాయి. గళ్ళను చూచి ఎంత సాగిందో తెలుసుకోవచ్చు.

పటం కోసం తీసిన పలకలలో ఇంకొక తమాషా ఉన్నది. దూరదర్శినిని కొంచెం కొంచెం జరిపి మూడుసార్లు తీసేవారు. అందువల్ల ప్రతి నక్షత్రమూ చిన్న త్రికోణంలో మూడు చుక్కలుగా పడుతుంది. పలక మీద పడిన దుమ్ము ఒకే చుక్కగా ఉంటుంది. దుమ్మును నక్షత్రమని ఎవరూ భ్రమపడరు!

రాము అంగలు, సీత అంగలు

రెండు పలకలను ఎలా కలుపుతారో ఒక చిన్న ఉదాహరణతో చూద్దాం.

ఒక వీధిని రాము, సీత అంగలతో కొలిచారనుకోండి. రాము బడి గుమ్మం నుంచి మొదలుపెట్టాడు. అతని కాగితంలో ఇలా ఉన్నది: రావిచెట్టు 60, బావి 100. సీత తన ఇంటి గుమ్మం నుంచి మొదలుపెట్టింది. ఆమె కాగితంలో: రావిచెట్టు 10, బావి 60, గుడి 110. మరి బడి నుంచి గుడికి రాము అంగలలో ఎంత దూరం?

రెండు కాగితాలలోనూ ఉన్నవి రావిచెట్టు, బావి. వాటి మధ్య దూరం రాముకు 40 అంగలు, సీతకు 50. అంటే సీత 5 అంగలు వేసే చోట రాము 4 వేస్తాడు. బావి నుంచి గుడికి సీతకు 50 అంగలు. కనుక రాముకు 40. బావి 100 దగ్గర ఉన్నది గదా, గుడి 140 దగ్గర ఉన్నది. సీత ఇల్లు ఎక్కడ? రావిచెట్టుకు ఇవతల సీత అంగలలో 10, అంటే రాము అంగలలో 8. కాబట్టి ఇల్లు 52 దగ్గర.

చూచారా! రెండు కాగితాలలోనూ ఉన్న రెండు గుర్తులు దొరికేసరికి రెండు కాగితాలూ ఒకటైపోయాయి. సీత తన అంగలనే కొలిచింది, రాము తన అంగలనే కొలిచాడు. ఎవరి కాగితమూ తప్పు కాదు. కాని రావిచెట్టు, బావి రెండింటిలోనూ లేకపోయినట్లయితే సీత కష్టం అంతా వృథా అయ్యేది.

ఆకాశపు పలకలకూ ఇంతే. ప్రతి పలక మీదా, స్థానం ముందే బాగా తెలిసిన నక్షత్రాలు కొన్ని ఉంటాయి. అవే రావిచెట్టూ, బావీ. వాటిని బట్టి ఆ పలక కొలతలను అసలు ఆకాశపు కొలతలుగా మార్చాలి. పలక ఎంత పక్కకు జరిగిందో, ఎంత వాలిందో, కొలత ఎంత తేడాగా ఉందో చెప్పే కొన్ని సంఖ్యలను ప్రతి పలకకూ లెక్కకట్టాలి. ఆ సంఖ్యలు తెలియకపోతే పలక మీది చుక్కలు వట్టి చుక్కలే.

హైదరాబాదు వంతు

ఈ పంపకంలో మధ్యరేఖకు దక్షిణంగా 17 డిగ్రీల నుంచి 23 డిగ్రీల వరకు ఉన్న పట్టీని మొదట దక్షిణ అమెరికాలో చిలీ దేశపు శాంటియాగోకు ఇచ్చారు. అక్కడ పని సాగలేదు. చివరకు ఆ పట్టీ హైదరాబాదు చేతికి వచ్చింది.

హైదరాబాదులో 1901లో నవాబ్ జఫర్ జంగ్ అనే ఆయన తన సొంత ఖర్చుతో వేధశాల పెట్టాడు. ఆయన 1907లో మరణించగా నిజాం ప్రభుత్వం దాన్ని తీసుకున్నది. అదే నిజామియా వేధశాల. తరువాత దాన్ని బేగంపేటకు మార్చారు. 1919లో అది ఉస్మానియా విశ్వవిద్యాలయానికి చేరింది.

ఇక్కడ 1914 నుంచి 1929 వరకు ఈ పట్టీని ఫోటో తీశారు. మొదట రాబర్ట్ పోకాక్ అధిపతిగా ఉన్నాడు. 1918 నుంచి 1944 వరకు టి. పి. భాస్కరన్ నడిపారు. జర్మనీలోని పోట్స్‌డామ్ పట్టీ పూర్తి కాకపోతే, 1928 తరువాత అందులో ఉత్తరాన 36 నుంచి 39 డిగ్రీల వరకు ఉన్న భాగాన్ని కూడా హైదరాబాదువారే చేశారు. 1946 నాటికి హైదరాబాదు నుంచి 12 సంపుటాలు వెలువడ్డాయి. వాటిలో 7,63,542 నక్షత్రాల కొలతలు ఉన్నాయి.

మీ తాతగారినో నాయనమ్మనో అడిగి ఆకాశంలో హస్త నక్షత్రాన్ని గుర్తుపట్టండి. అరచేతి వేళ్ళలా ఉండే ఆ గుంపులో చాలా నక్షత్రాలు హైదరాబాదు పట్టీలోనివే.

అంతా చేతితో చేసిన పని అని మరువకండి. సూక్ష్మదర్శిని గుండా పలకను చూడటం, గీత నుంచి చుక్క ఎంత దూరమో చదవటం, కాగితం మీద వ్రాయటం. ఇలా లక్షలసార్లు! వాటికన్ పలకలను నలుగురు క్రైస్తవ సన్యాసినులు 1910 నుంచి 1921 వరకు కూర్చుని కొలిచారు. వారు కొలిచిన నక్షత్రాలు 4,81,215.

సంపుటాలు వచ్చాయి, ఆకాశం రాలేదు

పదిహేనేళ్ళ పని అనుకున్నది డెబ్బై ఏళ్ళకు పైగా సాగింది. పటం అచ్చువెయ్యటానికి ఖర్చు విపరీతం కావటంతో చాలామంది దాన్ని మధ్యలో విడిచిపెట్టారు. ఆ పటం ఎన్నడూ పూర్తి కాలేదు. పట్టిక మాత్రం పూర్తి అయింది. మొత్తం 254 సంపుటాలు. ఈ పని చూడటానికి ఏర్పాటైన సంఘాన్ని 1970లో రద్దుచేశారు.

ఇంత కష్టపడి చేసిన పట్టికను ఆ రోజుల్లో ఉపయోగించుకున్నవారు కొద్దిమందే. కారణం ఏమిటంటారా? ఒక్కొక్క వేధశాలదీ ఒక్కొక్క పద్ధతి. కొందరు మిల్లీమీటర్లలో వ్రాశారు, కొందరు గళ్ళ లెక్కన వ్రాశారు. కొందరు నక్షత్రం తరగతి చెప్పారు, మరికొందరు పలక మీద చుక్క ఎంత లావుందో చెప్పి ఊరుకున్నారు. అచ్చయినవి పలక మీది కొలతలే గాని ఆకాశంలోని స్థానాలు కావు. ఒక నక్షత్రం కావాలంటే ముందు సంపుటం వెతకాలి, తరువాత పలక వెతకాలి, ఆ పలక తాలూకు సంఖ్యలు వెతకాలి, ఆ పైన గుణించాలి, కూడాలి. రెండు పట్టీల నక్షత్రాలు కావాలంటే పని రెట్టింపు.

దీనికి తోడు ఇంకొక లోటు. రావిచెట్టూ బావీ అనుకున్న నక్షత్రాల స్థానాలే అప్పట్లో అంత ఖచ్చితంగా తెలియవు. పైగా ఒక్కొక్కరు ఒక్కొక్క పాత పట్టికను నమ్ముకున్నారు. గుర్తులే అటూ ఇటూ అయితే అతుకు ఎలా నిలుస్తుంది?

అయినా ఆ పెద్దలు ఒక మంచిపని చేశారు. ప్రతి పలకకూ సంఖ్య ఉన్నది. దాని నడిమి ఎక్కడిదో, ఏ తేదీన తీశారో, కొలత ఏ పద్ధతిదో వ్రాసి ఉన్నది. తాటాకుల దారం తెగింది గాని, అంచున సంఖ్యలు మిగిలాయి.

నూరేళ్ళకు కలిసిన ఆకాశం

1987 నుంచి 1994 వరకు మాస్కోలోని స్టెర్న్‌బర్గ్ ఖగోళ సంస్థలో ఆ సంపుటాలలోని అంకెలను కంప్యూటరు చదవగలిగే రూపంలోకి ఎక్కించారు. ఇంతలో యూరపువారు 1989లో హిప్పార్కస్ అనే ఉపగ్రహాన్ని పంపారు. అది 1993 వరకు పనిచేసి, లక్షకు పైగా నక్షత్రాల స్థానాలను మునుపెన్నడూ లేనంత ఖచ్చితంగా కొలిచింది. ఆకాశమంతటికీ ఒకే రకం రావిచెట్లు, ఒకే రకం బావులు దొరికాయన్నమాట!

వాషింగ్టన్‌లోని అమెరికా నౌకాదళ వేధశాలవారు ప్రతి పలకనూ ఈ గుర్తులకు సరిపెట్టి, మళ్ళీ మొదటి నుంచి లెక్కకట్టారు. 1990వ దశకం చివర పట్టిక తయారయింది. అందులో 46 లక్షలకు పైగా నక్షత్రాలు ఉన్నాయి. 1887లో తలపెట్టిన పని అప్పటికి గాని నిజంగా ఒక్కటి కాలేదు.

“ఉపగ్రహం అంత బాగా కొలిచినప్పుడు పాత పలకలెందుకు?” అని మీరడగవచ్చు. నక్షత్రాలు కదులుతాయి పిల్లలూ! మన కంటికి తెలియదు గాని, కొద్దికొద్దిగా జరుగుతూనే ఉంటాయి. ఆ కదలిక తెలియాలంటే ఒకే నక్షత్రాన్ని చాలా ఏళ్ళ ఎడంతో రెండుసార్లు చూడాలి. అన్నిటికన్నా వేగంగా జరిగే దానికి బర్నార్డ్ నక్షత్రమని పేరు. బర్నార్డ్ అనే శాస్త్రజ్ఞుడు 1916లో, తాను 1894లో తీసిన ఫోటోతో కొత్త ఫోటోను పోల్చి దాన్ని పట్టుకున్నాడు. తొంభై ఏళ్ళలో అది చంద్రుడి వెడల్పులో సగం దూరం జరుగుతుంది. తక్కిన నక్షత్రాలు దానికన్నా ఎంతో నెమ్మది. వాటికి నాలుగైదేళ్ళ ఎడం చాలదు.

ఆ పాత పలకల సగటు సంవత్సరం 1907. ఎంత గొప్ప ఉపగ్రహాన్ని పంపినా 1907 నాటి ఆకాశాన్ని ఈనాడు ఫోటో తియ్యలేము. అది ఆ గాజుపలకల మీదనే ఉన్నది. అందుకే 2000వ సంవత్సరంలో టైకో-2 అనే పట్టికను తయారుచేసేటప్పుడు ఉపగ్రహపు కొలతలతో పాటు ఈ పాత పట్టికనూ, మరి 143 ఇతర పట్టికలనూ కలిపి, 25 లక్షల నక్షత్రాలలో ఇంచుమించు అన్నిటి కదలికలనూ లెక్కకట్టారు. బేగంపేటలో రాత్రిళ్ళు మేలుకొని తీసిన పలకలు ఆ విధంగా పనికివచ్చాయి.

ఈనాటి తాటాకులు

2013 డిసెంబరులో గయా అనే ఉపగ్రహం వెళ్ళింది. అది 2025 జనవరి వరకు ఆకాశాన్ని కొలిచింది. 2022లో వెలువడిన దాని మూడవ పట్టికలో సుమారు 180 కోట్ల నక్షత్రాలూ ఇతర వస్తువులూ ఉన్నాయి. ముఖ్యమైన పట్టిక ఒక్కటే 3 వేలకు పైగా ఫైళ్ళుగా ఉన్నది.

ఇక్కడ కోసిన తీరు వేరు. ముందుగా ఆకాశాన్ని 7,86,432 సమానమైన గళ్ళుగా విభజించి, గళ్ళకు సున్న నుంచి వరసగా సంఖ్యలు వేశారు. తరువాత ఒక్కొక్క ఫైలులో ఇంచుమించు అయిదు లక్షల నక్షత్రాలు వచ్చేటట్టు గళ్ళను గుంపులు కట్టారు. నక్షత్రాలు పలచగా ఉన్నచోట ఒక ఫైలులో చాలా గళ్ళు ఉంటాయి. పాలపుంతలో నక్షత్రాలు కిక్కిరిసి ఉంటాయి గనక అక్కడ కొద్ది గళ్ళకే ఫైలు నిండిపోతుంది. ఫైలు పేరులోనే “ఈ సంఖ్య గడి నుంచి ఈ సంఖ్య గడి వరకు” అని ఉంటుంది. ఫైలు తెరవకుండానే అది ఆకాశంలో ఏ మూలదో తెలుసుకోవచ్చు. అదే తాటాకు అంచున సంఖ్య!

వీటితోపాటు ఒక చిన్న ఫైలు ఉంటుంది. అందులో ప్రతి ఫైలు పేరూ, దాని ఎదురుగా 32 అక్షరాల ముద్ర ఒకటీ ఉంటాయి. ఫైలులోని అక్షరాలన్నిటినీ ఒక లెక్కలో పోస్తే ఆ ముద్ర వస్తుంది. ఫైలు మీ కంప్యూటరుకు చేరాక అదే లెక్క మళ్ళీ చెయ్యాలి. దారిలో ఒక్క అంకె చెడినా ముద్ర మారిపోతుంది.

మీరూ చేసి చూడండి

మీ తరగతిలో పదిమంది కలిసి ఈ ఏడాది వాన కొలవండి. తలకొక నెలో, తలకొక వీధో పంచుకోండి. కాని పంచుకునే ముందు ఈ సంగతులు కాగితం మీద పెట్టుకోండి.

ఒకటి. కొలత అందరికీ ఒక్కటే, మిల్లీమీటరు. వాన కురవని రోజు సున్న వ్రాయాలి. చూడటం మరిచిపోతే గీత గియ్యాలి. సున్నా గీతా ఒకటి కావు.

రెండు. కాగితం పేరులో ముందు సంవత్సరం, తరువాత నెల, ఆ పైన కాగితం సంఖ్య ఉండాలి. కంప్యూటరులో దాచేట్టయితే 1, 2, 3 అని గాక 01, 02, 03 అని వ్రాయండి. చాలా కంప్యూటర్లు పేరును మొదటి అక్షరం నుంచి పోల్చుకుంటూ వెళతాయి. సున్న పెట్టకపోతే 10వ కాగితం 2వ దానికన్నా ముందు వచ్చి కూర్చుంటుంది.

మూడు. ఒకరి వంతు ముగిసి మరొకరి వంతు మొదలయ్యేటప్పుడు మూడు రోజులు ఇద్దరూ కొలవండి. ఆ మూడు రోజులే మీ రావిచెట్టూ, బావీ.

నాలుగు. విడిగా ఒక కాగితం ఉంచండి. మొత్తం ఎన్ని కాగితాలు, ఏది ఎవరిది, ఏ పాత్రతో కొలిచారు, పాత్ర ఎక్కడ పెట్టారు అన్నీ అందులో ఉండాలి. ఈ కాగితం పోతే తక్కినవన్నీ ఉన్నా లేనట్టే.

అయిదు. అన్నీ కలిపి కొత్త పుస్తకంలో ఎక్కించిన తరువాత కూడా పాత కాగితాలు పారెయ్యకండి, దిద్దకండి. తప్పు కనిపిస్తే కొత్త పుస్తకంలో దిద్ది, ఎందుకు దిద్దారో పక్కన వ్రాయండి.

ఆరు. ప్రతి కాగితం అడుగునా ఎన్ని రోజులో, మొత్తం ఎంతో వ్రాయండి. దీని ఉపయోగం చూడండి. ఒక వారం వాన: 0, 12, 5, 0, 31, 8, 4. రోజులు 7, మొత్తం 60. దీన్ని ఎక్కించినవాడు కూడితే 42 వచ్చింది. తేడా 18. ఇది తొమ్మిదితో భాగించబడుతున్నది. ఇలా జరిగితే లెక్కలు వ్రాసేవారు వెంటనే, “ఏదో ఒకచోట రెండంకెలు తారుమారయ్యాయేమో!” అని వెతుకుతారు. నిజమే, 31కి బదులు 13 వ్రాశాడు. ఏ రెండంకెల సంఖ్యను తిరగవేసినా తేడా తొమ్మిది గుణకమే అవుతుంది. కావాలంటే 52, 25 తీసుకుని చూడండి.

ఇప్పుడు మీకొక ప్రశ్న. ఎక్కించినవాడు అంకెలు తారుమారు చెయ్యకుండా, సోమవారపు వాననూ మంగళవారపు వాననూ ఒకదాని చోట ఒకటి వ్రాశాడనుకోండి. మొత్తం 60 రానే వస్తుంది, తప్పు బయటపడదు. మరి దాన్ని పట్టుకునే ఉపాయం ఏమిటి? మొదటిరోజు వానను ఒకటితో, రెండవరోజు వానను రెండుతో, మూడవదాన్ని మూడుతో, ఇలా ఏడు వరకు గుణించి కూడి చూడండి. పైన ఇచ్చిన వారానికి ఆ మొత్తం ఎంతో కట్టండి. తరువాత మొదటి రెండు రోజులనూ తారుమారు చేసి మళ్ళీ కట్టండి. రెండు మొత్తాలూ ఎందుకు వేరుగా వచ్చాయో మీ స్నేహితులకు చెప్పండి.

(జవాబు: మొదటిది 270, రెండవది 258.)